ఓబులేసు అద్దంలో శని

జమ్మలమడుగులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల పక్కన కాపురం ఉండేవాళ్లకు దుమ్ము సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. గురవమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నెల రోజులు ఆ దుమ్ముతో పోట్లాడి, ఆపైన ఊరుకుంది. మొగుడు ఓబులేసే రోజూ తలనిండా దుమ్ము మోసుకుని ఇంటికి వస్తుంటే గోడల్ని, చొక్కాల్ని తిట్టి లాభమేముంది?

ఇరవయ్యారేళ్లు ఓబులేసు ఆ పనే చేశాడు. బండల అంచులు కోసే మిషను దగ్గర పదేళ్లు, పాలిష్ దగ్గర పదహారేళ్లు. అతను తేల్చిన బండ మీద గోళీ పెడితే పెట్టిన చోటే ఉంటుందని మేస్త్రీలు చెప్పుకొనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఓబులేసు విననట్టే తుండుగుడ్డ దులుపుకొనేవాడు గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు. రసమట్టం అక్కర్లేని చెయ్యి అది. పాపం, చివరికి ఆ చెయ్యే అతన్ని మోసం చేసింది.

ఐదారేళ్ల కిందట హైస్కూలు సైన్సు అయ్యవారు జీవరత్నం సారు ఒక సాయంత్రం బడి మైదానంలో టెలిస్కోపు పెట్టాడు. పని దిగి వస్తున్న ఓబులేసు పిల్లల వరస చివర నిలబడ్డాడు. వంతు వచ్చి కన్ను పెట్టినవాడు మళ్లీ తీయలేదు. వెనక పిల్లలు గోల చేస్తే అప్పుడు తలెత్తి, "సార్, దీని లోపల బొమ్మేమన్నా అతికించినారా?" అని అడిగాడు.

"లేదన్నా. అదిగో, ఆ పైన కనపడేదే. శనిగ్రహం. చుట్టూ ఉండేది దాని ఉంగరం."

ఇంటికి వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా, "మే, శనికి కడియముంది తెలుసునా? బంగారు కడియం!" అన్నాడు పెళ్లాంతో. దీపాలవేళ ఆ పేరు ఎత్తినందుకు గురవమ్మ చేతిలోని చెంబు ఠక్కున కింద పెట్టింది.

తర్వాత రెండేళ్లకు దగ్గు మొదలైంది. టీబీ అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. తగ్గలేదు. ప్రొద్దుటూరులో స్కానింగు తీయిస్తే డాక్టరు తెర మీద ఊపిరితిత్తులు చూపించాడు. నల్లటి నలుపు మీద సన్నసన్నగా తెల్లచుక్కలు. అంతా రాతి దుమ్మేనని, పేరుకున్నది ఇక పోదని, పని మానేయమని చెప్పాడు. ఓబులేసు ఆ తెర వైపే చూస్తూ, "చుక్కల మాదిరి ఉండాయే" అన్నాడు. గురవమ్మకు ఒళ్లు మండింది. ఏడవాల్సిన చోట వేళాకోళమాడే మొగుణ్ని ఏం చేయాలో ఆమెకు ఏనాడూ తెలియలేదు.

పులివెందుల దగ్గర లింగాలలో ఉండే ఆమె అన్న జాతకం చూపించుకొచ్చాడు. ఏలినాటి శని. ఏడున్నరేళ్లు. గురవమ్మ ప్రతి శనివారం నువ్వులనూనె తీసుకుని నవగ్రహాల దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. శని ముఖానికి ఎదురుగా నిలబడకూడదు. ఓరగా నిలబడి, చూపు పక్కకు తిప్పుకుని నూనె పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. అత్త నేర్పిన పద్ధతి అది, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఇక్కడ ఈమె శని చూపు పడకుండా తప్పించుకుంటుంటే, అక్కడ పెరట్లో ఆయన అదే శనిని ఎదురుగా చూడటానికి అద్దం అరగదీయడం మొదలుపెట్టాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆరంగుళాల గాజుబిళ్ల జీవరత్నం సారు తెప్పించి ఇచ్చాడు. ఎవరి టెలిస్కోపు అద్దం వాళ్లే అరగదీసుకోవచ్చని ఆయన దగ్గరున్న పుస్తకంలో ఉంది. గాజు, దానికి జోడీగా గుండ్రటి రాయి, రెంటి మధ్య గాజును అరగదీసే కార్బోరండం పొడి, నీళ్లు. నీళ్ల డ్రమ్ము మీద పెట్టుకుని చుట్టూ తిరుగుతూ రుద్దాలి. రుద్దగా రుద్దగా గాజు మధ్యలో పల్లెం మాదిరి పలచటి గుంత పడాలి. "ఇది మా పనే గద సార్!" అన్నాడు ఓబులేసు. జబ్బు పడ్డాక అతని ముఖంలో గురవమ్మ అంత వెలుగు చూడలేదు.

అయినా ఊరుకుంటుందా? "తా దూర కంత లేదు, మెడకో డోలంట! నాలుగడుగులేస్తే ఎగపోస్తాండావు. మళ్లా రుద్దుడేనా? ఆ చప్పుడే నాకు పడదు."

"నీళ్లు పోసి రుద్దుతాండా మే. రవ్వంత దుమ్ము గూడా లేయదు. సూడు."

నిజమే. ప్రతి పది రుద్దులకూ చెంచాతో నీళ్లు పోసేవాడు. పొడి ఆరనివ్వకూడదని పుస్తకంలో ఉందట. ఒకరోజు ఆమె గడప మీద కూర్చుని చూస్తూ చూస్తూ, "ఫ్యాక్టరీలోనూ ఇట్లే నీళ్లు పోసింటే?" అంది.

ఓబులేసు చెయ్యి ఆగింది. "నీళ్లు పోస్తే కోత నిదానమైతాది. దినానికి ఇన్ని బండలని లెక్క. మేమే పోసుకొనేవాళ్లం కాదు" అన్నాడు. ఆ రోజు ఇక రుద్దలేదు.

ఐదు నెలలకు జీవరత్నం సారు వచ్చి గాజు మీద స్కేలు నిలబెట్టి చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది. మధ్యలో గుంత పడాల్సిన గాజు బొడిపె కట్టింది. గుంత పడింది పైనున్న రాయికి!

"అన్నా, గాజు యాడ పెట్టినావు? పైనా, కిందా?"

"కిందనే సార్. బండ కిందుంటాది, రుద్దేది పైనుంటాది. ఎవురికి తెలీదు?"

ఇక్కడ అది తలకిందులు. పైనున్నదే గుంత పడుతుంది. అందుకే గాజును పైన పెట్టి రుద్దాలి. పుస్తకం మొదటి పేజీలోనే బొమ్మతో సహా ఉంది. ఇరవయ్యారేళ్లు బండలు రుద్దినవాడికి మొదటి పేజీ ఎందుకని సారు చెప్పలేదు, ఓబులేసు అడగలేదు. ఇద్దరిలో సారుకే ఎక్కువ బాధ కలిగింది. ఓబులేసు మాత్రం దగ్గు తెర కమ్మేదాకా నవ్వి, "మా చేతికి మట్టం తప్ప గుంత తెలీదు సార్" అని గాజును తిరగేశాడు.

ఆ బొడిపె అరగాలి, ఆపైన గుంత దిగాలి. రోజుకు పది చుట్లు తిరిగితే అరగంట మంచం మీద వాలాలి. తర్వాత ఐదు చుట్లయింది. రెండో ఏడు సగంలో ఉండగా సారు ఇంకో మాట చెప్పక తప్పలేదు. శని ఉంగరం ఎప్పుడూ ఒకే తీరుగా కనపడదు. ఒక పళ్లాన్ని పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది, కంటికి సమంగా అంచు పెట్టి చూస్తే గీతే. మనకు ఇప్పుడు అంచు కనిపించే కాలం వస్తోంది. ఉంగరం రోజురోజుకు సన్నబడి మూసుకుపోతోంది. వచ్చే ఏటికి మళ్లీ కాస్త తెరుచుకుంటుంది, ఓబులేసు ఆనాడు చూసినంత కావాలంటే ఇంకా ఐదారేళ్లు పడుతుంది.

"అన్నేండ్లు ఎవుడుంటాడు సార్?" అన్నాడు ఓబులేసు మామూలుగా. మరుసటి రోజు పది చుట్లు తిరిగాడు. తిరగకుండా గాజు దాచేద్దామా అనుకుంది గురవమ్మ. దాచలేదు.

అద్దం పూర్తయింది. బెంగళూరులో దానికి వెండిలాంటి పూత పూయించారు. లింగాలలో ఎండిపోయిన బోరుకు మిగిలిన కేసింగు పైపును బావమరిది ఆటోలో వేసి పంపాడు. అదే గొట్టం. వానకాలం పోయాక ఒక సాయంత్రం పెరట్లో దాన్ని నిలబెట్టి ఓబులేసు మొదటిసారి శనిని తన అద్దంలో చూశాడు.

"ఎట్లుందన్నా?" అన్నాడు సారు.

"నిమ్మకాయకు దబ్బనం గుచ్చినట్టుంది సార్."

లోపల అన్నం వారుస్తున్న గురవమ్మ ఉలిక్కిపడి గంజి ఒలకబోసుకుంది. సూదులు గుచ్చిన నిమ్మకాయలు నాలుగు దారుల కూడలిలో ఎవరు, ఎందుకు పడేస్తారో ఆమెకు తెలుసు.

కానీ అతనికి అదే చాలు. ఉంగరం కనపడకపోతే మానె, తన అద్దంలో పడిన శని ఫొటో ఒక్కటి కావాలి. "నేను పొయ్యినాక గూడా ఇది ఉంటాది సార్" అనేవాడు. ఫొటో తీయడం మాటలు కాదు. కన్ను పెట్టే చోట సెల్‌ఫోను బిగించి మూడు నిమిషాలు వీడియో తీయాలి. సారు దాన్ని కంప్యూటరులో వేలకొద్దీ బొమ్మలుగా విడదీసి, మంచివాటిని ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. భూమి తిరుగుతుంటుంది కనుక శని అద్దంలోంచి జారిపోతూ ఉంటుంది. ఫోనులో చూస్తూ గొట్టాన్ని రవ్వంత రవ్వంత నెడుతూ ఉండాలి. ఊపిరి బిగబట్టి నెట్టాలి, లేకపోతే బొమ్మ వణుకుతుంది. ఓబులేసు రెండుసార్లు ప్రయత్నించాడు. ఐదు అంకెలు లెక్కపెట్టేలోపు దగ్గు వచ్చేది.

రెండు రోజులు వాన కురిసి వెలిసిన ఒక సాయంత్రం ఆకాశం కడిగినట్టు అయింది. ఆకు కదలడం లేదు. సారు శిక్షణ అని ప్రొద్దుటూరు పోయి ఉన్నాడు. ఓబులేసు ఎట్లాగో శనిని అద్దంలోకి తెచ్చి, ఫోను బిగించి, మంచం మీద కూలబడి పెళ్లాన్ని పిలిచాడు.

"మే, ఇట్టా రా. ఆ ఎర్రచుక్క నొక్కు. సూస్తా ఉండు. అది పక్కకు పోతాంటే గొట్టాన్ని ఇట్ట రవ్వంత నెట్టు. అంతే."

"నేనా? నాకేం తెలుసయ్యా?"

"నీకు ఊపిరి నిలుస్తాది. నాకు నిలవదు. ఈ పొద్దు మాదిరి గాలి మళ్లీ ఎప్పుడు నిలుస్తాదో."

కాదనలేకపోయింది. వచ్చి ఎర్రచుక్క నొక్కింది. గొట్టం మీద చెయ్యి వేసింది. ఆపైన, నవగ్రహాల దగ్గర నిలబడ్డట్టే, ముఖం పక్కకు తిప్పుకుంది. పక్కింటి హఫీజా వాళ్ల గోడ వైపు చూస్తూ, మనసులో దండం పెట్టుకుంటూ, చేతికి తోచినట్టు నెట్టింది. మంచం మీద నుంచి ఓబులేసుకు ఆమె వీపే కనపడుతోంది. మూడు నిమిషాలు అయ్యాక "అయింది" అంది.

మర్నాడు సారు వచ్చి తెరిచి చూశాడు. మొదట కాసేపు శని ఉంది. ఆపైన ఒక మూలకు జారింది. మిగిలిందంతా నలుపు.

"గాలికి జారిందన్నా" అన్నాడు సారు, ఇద్దరి ముఖాలూ చూసి.

ఓబులేసు గురవమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అతనికి తెలిసిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది, ఆమెకు ఈనాటికీ అదే బాధ. అతను తిట్టలేదు. "దానికి శానా భయం సార్. పోనీలే. వచ్చే ఏడు ఉంగరం తెరుసుకుంటాదంటిరి గదా? అప్పుడే తీద్దాం" అన్నాడు.

ఆపైన తుఫాను పట్టింది. పదిహేను రోజులు ఆకాశం కనపడలేదు. దరిద్రుడి పెళ్లికి వడగళ్ల వాన. మబ్బు విడిచేసరికి ఓబులేసు ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కడప ఆసుపత్రిలో ఉన్నాడు. పుష్యమాసంలో పోయాడు. తోటి పనివాళ్లు సమాధికి మంచి బండ తెచ్చి పాలిష్ చేసి పరిచారు. గురవమ్మ దాని మీద చెయ్యి పెట్టి చూసింది. ఆయన తేల్చినంత మట్టంగా లేదు.

శని తీసుకుపోయాడు అన్నారు వీధిలో వాళ్లు. అన్న కూడా అదే అన్నాడు. గురవమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు గానీ నూనె పోయడానికి పోవడం మానేసింది. ప్రొద్దుటూరులో తెర మీద చుక్కలు ఆమె కూడా చూసింది కదా. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆమెకు తెలుసు. ఉన్నన్నాళ్లూ ఆయన అడిగింది ఒక్క ఫొటో, మూడు నిమిషాలు ఎదురుగా చూడమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆ తర్వాతి వానలు కూడా పోయాక జీవరత్నం సారు వచ్చాడు. టెలిస్కోపు వృథాగా పోతుందేమో, బడికి ఇస్తావా అక్కా అని అడగడానికి. ఆమె గొట్టం మీద కప్పిన పాత చీర తీసింది. రోజూ దుమ్ము దులుపుతున్నట్టుంది, గొట్టం మెరుస్తోంది.

"ఇస్తా సార్. దానికి ముందు ఒకసారి ఆ శనిని నాకు పట్టివ్వు."

సారు పొద్దు కుంకేదాకా అక్కడే ఉండిపోయాడు. సంజ మసకబారాక తూర్పున శనిని వెతికి అద్దంలోకి తెచ్చాడు. "ఎదురుగా చూడాలక్కా" అన్నాడు మెల్లగా.

గురవమ్మ కన్ను పెట్టింది. చిన్నది. పసుపుముద్దలో చిటికెడంత. చుట్టూ సన్నటి కడియం. రెండు పక్కలా రవ్వంత నల్లటి సందు విడిచి, కడియం కడియంగా కనపడుతోంది. ఎవరికీ కీడు చేసే ముఖం కాదు అది. దీన్ని చూడటానికా తను అంత భయపడింది!

సారు ఫోను బిగించాడు. "నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టక్కా. కదలదు."

ఆమె ఊపిరి బిగబట్టి ఎర్రచుక్క నొక్కింది. నొక్కి వదిలేయలేదు, బిగబట్టే ఉంది. ఫోనులో శని పక్కకు జరిగితే రవ్వంత నెట్టింది. మళ్లీ జరిగితే మళ్లీ నెట్టింది. మనసులో అంకెలు లెక్కపెట్టింది. ఐదు అయింది. పది అయింది. ముప్పై దాటింది. యాభై వయసు దగ్గరపడుతున్న ఆడది, కట్టెలు మోసిన రొమ్ము, ఊపిరి ఇంకా నిలుస్తూనే ఉంది. ఈ ఊపిరి ఆనాడూ ఉంది. పక్కనే ఉంది. ఆయన అడిగింది దాన్నే.

అరవై దగ్గర ఏడుపు వచ్చి ఊపిరి వదిలేసింది. చెయ్యి మాత్రం గొట్టం మీద నుంచి తీయలేదు, చూపు తిప్పలేదు.

"నువ్వు చెప్పినట్టే ఉందయ్యా" అంది ఫోనులో కడియాన్ని చూస్తూ. "నేనే సూడలేదు."