ఆగే

మొన్న మా దీవిలో డైరీ ఫార్మ్ దగ్గర బస్సెక్కిన ఒక ముసలమ్మ, కండక్టరు "ఆగే, అమ్మా, ఆగే" అంటుంటే మెట్టు మీదే ఆగిపోయింది. ముందుకు నడవమని అతను హిందీలో చెబుతున్నాడు. ఆమె చెవికి అది తెలుగు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఏడో తరగతిలో మాకు షాదీపూర్ నుంచి సముద్రపు ఒడ్డు దాకా పరుగు పందెం పెట్టారు. మొదట వచ్చిన పిల్లను మెయిన్‌లాండ్ పోటీకి పంపుతారు. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన జాలర్ల పిల్ల నూకాలు, చెప్పుల్లేకుండా నాకంటే ముందు పరిగెడుతోంది. తనకింకా హిందీ రాదు. ముగింపు గీత కనిపిస్తుండగా వెనకనుంచి "ఆగే" అని అరిచాను. నూకాలు ఆగి, వెనక్కి తిరిగింది. నేను దాటిపోయాను.

"ఇది నన్ను ఆగమన్నాది సార్," అంది నూకాలు ఏడుస్తూ.

"నేను హిందీలో అన్నాను సార్. ఆగే జావ్ అని."

గీత దగ్గర మా డ్రిల్లు సారు, ఆయన స్నేహితుడైన మా నాన్న నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"దిమాగ్ ఉంది భయ్యా మీ పిల్లకి," అంటూ సారు నా పేరే రాసుకున్నారు.

తెలివంటే అదే కాబోలనుకున్నాను. ఓడెక్కి చెన్నై వెళ్లి, ఆఖరున వచ్చాను.

వాళ్లిద్దరికీ నిజం తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. ఆగి వెనక్కి తిరుగుతూ నూకాలు నన్నడిగిన మాట మాత్రం వాళ్లకు తెలియదు, నేను చెప్పలేదు.

"పడిపోనావేటే?" అంది.