బీరువాలో ఉండిపోయిన ఫైలు

నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే గద్వాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వనపర్తిలోని ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లాను. మూడింటి దాకా కూర్చోబెట్టిన మేనేజరు నా పని గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈడ పెట్టు. రెండేండ్లు చేసినంక ఇస్తం," అన్నాడు.

ఉద్యోగం అవసరం. ఫైలు ఇచ్చాను. దాన్ని లోపల పెట్టమని అక్కడి నర్సుకు చెప్పి, ఆయన ఫోన్లో మాట్లాడుతూ వరండాలోకి వెళ్లాడు.

ఆమె బీరువా తెరిచింది. నిండా అలాంటి ఫైళ్లే.

"అడుగున ఉన్నది నాది. ఐదేండ్లాయె, అడిగితే రేపు రేపంటరు. సార్ వచ్చేలోపు పో చెల్లె," అంటూ నా ఫైలు నా చేతిలోనే పెట్టింది.

బస్టాండు దాకా పరుగెత్తాను.

బీరువా తెరిచే ఉంది కదా, నీది కూడా తీసుకో అక్కా అని ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ తెలియదు.