ఒంటె పాలు, మా ఆవిడ, నా కడుపుమంట

మస్కట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. అరబ్బీ ధారాళంగా వచ్చని కాస్త గర్వం కూడా ఉంది. మా ఆవిడ వసుధ వచ్చి రెండేళ్లే. తన అరబ్బీ కూరగాయల దుకాణం దాటదు. అయినా ఎక్కడికెళ్లినా జనం తన చుట్టూనే చేరతారు. చూసి చూసి నాకు కడుపుమంట. ఒక్కచోటైనా ఆ మర్యాద నాకే దక్కాలని హరాసీస్ తెగవాళ్ల ఎడారికి ప్రయాణం పెట్టాను. అక్కడ ఒంటె పాలు పితకడం మగవాళ్ల పని. పితికిన గిన్నె మొదట అతిథికి ఇస్తారట. ఆ అతిథి నేనే కావాలి.

ఉదయం ఆరింటికి బయలుదేరి నిజ్వా, ఆదం మీదుగా హైమా చేరేసరికి మధ్యాహ్నమైంది. రానూపోనూ పెట్రోలుకు ముప్పై రియాళ్లు దాటుతాయి. హైమా నుంచి సాలిం అనే హరాసీస్ యువకుడు రోజుకు నలభై రియాళ్లకు తన బండిలో తీసుకెళ్లాడు. ఇసుక తిన్నెలు ఊహించుకుని వెళ్లకండి. కనుచూపు మేరా చదునైన రాతినేల, అక్కడక్కడా తుమ్మచెట్లు. సముద్రం వైపు నుంచి వచ్చే పొగమంచే ఆ చెట్లకు నీరు.

"మరి మనుషులకో?" అంది వసుధ. నేను అరబ్బీలో అడిగాను.

"మా తాతలు నెలల తరబడి నీళ్లు ముట్టలేదు. పాలే తాగి బతికారు" అన్నాడు సాలిం.

గుడారం దగ్గర సాలిం తల్లి వసుధ చెయ్యి పట్టుకుని ఆడవాళ్ల వైపు తీసుకుపోయింది. నేను బయట చాప మీద కాఫీ, ఖర్జూరాలతో మిగిలాను. లోపల ఒకటే నవ్వులు. చెవులు రిక్కించినా ఒక్క ముక్క అందలేదు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది అరబ్బీ కాదు, హర్సూసీ. వసుధ నిక్షేపంగా తెలుగులో మాట్లాడుతోంది. ఇద్దరికీ అన్నీ అర్థమైపోతున్నాయి. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఐదింటికి ఒంటెలు వచ్చాయి. అందరూ బయటికొచ్చారు. సాలిం ఒంటికాలి మీద నిలబడి, ఎత్తిన మోకాలి మీద గిన్నె నిలిపి పితకబోయాడు. ఇదే అదనని నా మంచి అరబ్బీ బయటికి తీశాను. "ఇంత పొదుగున్న ఒంటెను ఒమాన్ మొత్తంలో చూడలేదు!"

సాలిం కాలు దించేశాడు. తల్లి ఏదో అంది. అతను గిన్నె కింద పెట్టి ఒంటెను అవతలికి తోలుకుపోసాగాడు.

"ఏమన్నారండీ?" వసుధ అడిగింది.

"పొగిడాను, అంతే."

"పాలిచ్చేదాన్ని ఎదురుగా నిలబడి పొగుడుతారా? దిష్టి తగలదూ!"

తనే ఒంటె దగ్గరికి పరుగెత్తి, దాని మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. పెద్దావిడ పకపకా నవ్వి నా వైపు వేలు చూపించింది.

"మాషాల్లా అనమంటోంది" అన్నాడు సాలిం. "అంతా దేవుడి దయేననే ఆ మాట లేని పొగడ్తలో అసూయ ఉంటుందని మా నమ్మకం."

అన్నాను. అప్పుడు పాలు పితికారు. నురగలు కక్కే గిన్నె నేరుగా వసుధ చేతికే వెళ్లింది. తను తాగాక నాకు. గోరువెచ్చగా, రవ్వంత ఉప్పగా ఉన్నాయి. బాగున్నాయని చెప్పడానికి భయమేసింది.

బయలుదేరేటప్పుడు పెద్దావిడ వసుధను మళ్లీ రమ్మంది. నన్ను మాత్రం రమ్మనలేదు.

వెళ్లదలచినవాళ్లకు ఒకటే సలహా: పశువునైనా పసిపిల్లనైనా మెచ్చుకునే ముందు మాషాల్లా అనండి. పెద్దావిడ నమ్మకం తప్పేం కాదు. నా పొగడ్తలో అసూయ ఉంది. కాకపోతే అది ఒంటె మీద కాదు. హైమాకు తిరిగొస్తుంటే పక్క సీట్లో వసుధ ఆ కొత్త భాషలో రెండు మాటలు వల్లె వేసుకుంటోంది. మాషాల్లా అనుకున్నాను, ఈసారి ఎవరూ చెప్పకుండానే.