రైలుకీ బస్సుకీ కలిపి

మా ఆయన ఏదీ విడిగా కొనడు. సబ్బు కొంటే షాంపూ పొట్లం, టీ పొడి కొంటే గాజు గ్లాసు రావాలి. ఆ గ్లాసులు ఒక అలమార నిండా ఉన్నాయి, తాగేది మాత్రం మేమిద్దరమే. అందుకే బేగంపేటలో బ్లౌజులు కుట్టే షాపులో నాకు పని దొరికిందని చెప్పినప్పుడు ఆయన మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"రైలుకీ బస్సుకీ కలిపి నెల టికెట్ ఉంటుంది. విడివిడిగా కొంటే మునిగిపోతాం" అన్నాడు.

మేం కృష్ణా జిల్లా నుంచి హైదరాబాద్ పక్కనున్న ఇబ్రహీంపట్నం వచ్చి ఇరవై ఏళ్లు. ఆయన బొంగులూరు వైపు కొత్త వెంచర్లలో కరెంటు పని చేస్తాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్సూ, జాకెట్లకు హుక్కులూ కుట్టేదాన్ని. ఇచ్చినవాళ్లు ఇచ్చేవారు, ఇవ్వనివాళ్లు పండక్కి పలకరించేవారు. నెల జీతం అనేది నా చేతికి రావడం ఇదే మొదటిసారి. ఆ పని పోతే నేను మళ్లీ హుక్కుల దగ్గరికే. అది తలుచుకుంటేనే భయమేసేది.

మలక్‌పేట దాకా బస్సు, అక్కణ్ణుంచి బేగంపేటకి లోకల్ రైలు. కలిపి ఇచ్చే టికెట్లో ఒక చిక్కుంది. అది ఆర్డినరీ బస్సుకే చెల్లుతుంది. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మళ్లీ డబ్బులు పెట్టాలి. ఆర్డినరీ బస్సు చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది, ఎత్తకపోయినా ఒక్కోసారి ఆగుతుంది. నేను మలక్‌పేట స్టేషన్ మెట్లెక్కేసరికి నా రైలు తోక కనిపించేది. తర్వాతి రైలు పట్టుకుని షాపుకు చేరేసరికి ఓనరమ్మ నన్ను కాకుండా గడియారాన్ని చూసేది. ఒకరోజు, "ఇంకొక్కసారి లేటైతే వేరేవాళ్లని చూసుకుంటానమ్మా" అని చాలా మర్యాదగా చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఆయన, "రైలు టైముకే వెళ్తోంది కదా. అంటే టికెట్లో సగం బాగానే పనిచేస్తోంది" అన్నాడు.

మా పక్కింటి అక్క మలక్‌పేటలోనే ఒక దవాఖానలో ఊడ్చే పని చేస్తుంది. వాళ్లాయన చెరువులో చేపలు పడతాడు. మర్నాడు స్టాపులో నేను ఆర్డినరీ కోసం నిలబడి ఉంటే, ఆమె ఎక్స్‌ప్రెస్ మెట్టు మీంచి కేకేసింది.

"ఏందే గట్ల నిలబడ్డవ్? ఎక్కు. ఆడోళ్లకు ఫ్రీ గద. ఆధార్ సూపిస్తే సాలు."

ఫ్రీ అని నాకు తెలియక కాదు. మనదాకా వస్తుందా అని అనుమానం. అయినా ఎక్కి కార్డు తీశాను. కండక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఆంధ్ర కార్డు అక్కా. దీనికి జీరో టికెట్ రాదు. పైసలు తియ్యి."

బస్సులో ఉన్న ఆడవాళ్లందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. డబ్బులిచ్చి తలొంచుకుని నిలబడ్డాను. పక్కింటి అక్క మాత్రం ఊరుకోలేదు.

"ఇరవై ఏండ్లు ఈడి నీళ్లు తాగినవ్. కార్డు ఆడనే పెట్టి వచ్చుడేంది?"

కార్డు అక్కడ ఉండడానికి కారణం మా ఆయన. ఊళ్లో ఇళ్ల స్థలాలు ఇస్తారని ఎవరో చెప్పారు. అడ్రసు మారిస్తే పేరు తీసేస్తారని ఇంకెవరో చెప్పారు. ప్రభుత్వాలు మారాయి, స్థలం రాలేదు, మా అడ్రసులు మారలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ స్థలంలో వంటిల్లు ఏ మూల రావాలో కూడా ఆయన చెప్పేవాడు.

ఆ సాయంత్రం అడ్రసు మార్చుకుంటానన్నాను.

"స్థలం పోతుంది" అన్నాడు.

"ఉంటే కదా పోవడానికి."

"రాబోయేది పోతుంది. దానికంటే ఇంకాస్త ముందు లేవరాదూ? ఎటూ టికెట్ కలిపి కొన్నాం."

కోడి కంటే ముందు లేచేది నేనే. ఒళ్లు మండిపోయింది. "నాకు ఆ పని కావాలి" అని అరిచాను. పక్కింటికి కూడా వినపడి ఉంటుంది. ఆయన టీవీ సౌండు తగ్గించాడు, అంతకుమించి ఏమీ చేయలేదు.

షాపు సెలవు రోజున గ్యాస్ కనెక్షన్ కాగితాలు పట్టుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్లాను. కనెక్షన్ నా పేరు మీదే ఉంది. వేలిముద్ర వేసేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో అనుకున్నాను, పుట్టిల్లూ అత్తిల్లూ ఉన్న ఊరు కార్డులోంచి పోతోంది కదా అని. ఏమీ తిరగలేదు. ఆకలేసింది. బస్టాండు ముందు మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చాను.

కొత్త కార్డు వచ్చేదాకా ఎక్స్‌ప్రెస్‌కి చేతి డబ్బులే పెట్టుకున్నాను. రైలు దొరికేది. ఓనరమ్మ గడియారాన్ని చూడటం మానేసింది. ఒకరోజు ఒక పెళ్లికూతురి బ్లౌజు మొత్తం నా చేతికే ఇచ్చింది. ఆరోజు నాకు ఎంత సంతోషమేసిందంటే, తిరుగు రైల్లో పక్క సీటామెకు అడక్కుండానే చెప్పాను.

కార్డు వచ్చాక కండక్టరు నా మొహం కూడా చూడకుండా జీరో టికెట్ చించి ఇచ్చాడు. రాత్రి అన్నం పెడుతూ దాన్ని మా ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన చదివాడు, తిప్పి వెనకాల కూడా చూశాడు. పప్పు బాగుందన్నాడు. తర్వాత చాలా రోజులు ఆ ఊసే ఎత్తలేదు. స్థలంలో వంటిల్లు ఎక్కడ రావాలో కూడా మాట్లాడలేదు.

మొన్న నా సెలవు రోజున పనికి వెళ్లబోతూ తన ఆధార్ కార్డు, కరెంటు బిల్లు నా ముందు పెట్టాడు.

"ఆ సెంటర్లో కనుక్కో. నాది కూడా మార్పించాలి" అన్నాడు.

"మగాళ్లకి ఫ్రీ లేదుగా" అన్నాను.

"తెలుసు."

"మరి స్థలం?"

ఆయన చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు ఇక్కడ ఉంటే, నేనొక్కణ్ణీ అక్కడుండి ఏం చేస్తాను?"