ఏడు చింతగింజలు, ఒక ఉప్పుకల్లు

దయ్యం, పేయి అని ఎవరైనా మొదలుపెడితే "ఇంగ చాలు, పని చూడండి" అనేసే రకం నేను. పదకొండేళ్లుగా కంప్యూటర్లతో వేగుతున్నాను. వాటిలో ఏ వింత జరిగినా వెనక ఏదో ఒక కారణం దొరుకుతుంది. చాలావరకు అది ఎవరో మనిషి చేసిన తప్పే. ఇది మాత్రం నాకు అంతుపట్టలేదు.

మాది కోయంబత్తూరు పక్కన పోదనూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ముందు మా అవ్వ సంగతి చెప్పాలి. ఆవిడ స్టేషన్లో ప్లాట్‌ఫారాలు తుడిచే పని చేసేది. అమ్మా నాయనా మిల్లుకు పోయేవాళ్లు. సాయంత్రం నన్ను బడి నుంచి తెచ్చే వీలు అవ్వకు లేనప్పుడు తెలిసినవాళ్లను ఎవరినో పంపేది. పిల్లలను ఎత్తుకుపోతారని ఆవిడకు మహా భయం. అందుకని ఒక మాట పెట్టింది. వచ్చినవాళ్లు ఆ మాట చెప్తేనే వాళ్ల వెంట వెళ్లాలి.

"చెప్పకపోతే సాక్షాత్తు ఆ దేవుడే వచ్చినా గేటు దాటొద్దు కణ్ణు" అనేది.

ఒకసారి వాడిన మాట మళ్లీ వాడేది కాదు. "అది ఎంగిలి అయిపోయె. ఇంగ పనికిరాదు" అని, ఆ రాత్రే నా చెవిలో కొత్తది చెప్పేది. ఆ మాట ఇద్దరికే తెలియాలి. అమ్మకు కూడా చెప్పకూడదు.

నాకు పదేళ్లప్పుడు అవ్వ స్టేషన్లోనే కుప్పకూలింది. మా లైనిళ్లలో ఉండే కమలక్క బడికి పరుగెత్తుకొచ్చింది. నేను మాట చెప్పమన్నాను.

"అవ్వకు నోరు పడిపోయింది కణ్ణు, మాట యాడినుంచి తెచ్చేది? రా!" అని ఏడ్చింది.

నేను వెళ్లలేదు. గేటు కమ్మీలు పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ చివరి మాట "ఏడు చింతగింజలు, ఒక ఉప్పుకల్లు". ఎవరూ చెప్పకుండానే మిగిలిపోయింది. నేనూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. కాగితం మీద రాయలేదు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. కోయంబత్తూరులో పంపుసెట్లు చేసే ఒక కంపెనీలో లినక్స్ సర్వర్లు చూసుకునే పనిలో చేరాను. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడి ఏడాది ఖాళీగా కూర్చున్నాను. ఇక్కడ ఇంకా ప్రొబేషనే. మా సర్వర్లలో దొంగలు దూరే సందులు ఎక్కడున్నాయో వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది వారం వారం దానంతటదే పనిచేసేది, లోపలికి ఎవరూ తొంగి చూసేవాళ్లు కాదు. ఒక రోజు పెద్ద కస్టమర్ ఒకరు సాయంత్రం నాలుగింటికల్లా దాని రిపోర్టు కావాలన్నారు. ఇవ్వకపోతే కాంట్రాక్టు పోతుంది, దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుందని మేనేజర్ మాటల్లోనే అర్థమైంది.

ఆఫీసు కవరులో రాసిపెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్ పనిచేయలేదు. నాకు ముందు ఆ పని చూసిన సెంథిల్‌కు ఫోన్ చేశాను. అతనూ ఆ కవరులో ఉన్నదే చెప్పాడు.

సరే, రీసెట్ చేద్దామనుకున్నాను. అదేమంత బ్రహ్మవిద్య కాదు. సర్వర్ మీద అధికారం ఉంటే సర్వీసు ఆపి ఒక కమాండ్ కొట్టాలి. పాతది అడగదు, కొత్తది రెండుసార్లు అడుగుతుంది, అంతే. మేనేజర్ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. కంగారులో చేతికి ఏదొస్తే అది కొట్టాను. ఇన్నేళ్లలో ఎక్కడా వాడని అవ్వ మాట వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, ఏడుకు మాత్రం అంకె.

తెర మీద వచ్చిందిది: ఈ పాస్‌వర్డ్ ఇప్పటికే వాడుకలో ఉంది, కొత్తది ఇవ్వండి.

తప్పు కొట్టానేమో అని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. పిచ్చి అక్షరాలేవో కొట్టి చూశాను. దానికి మాత్రం మారు మాట్లాడకుండా రెండోసారి అడిగింది. అక్కడ రద్దు చేసి, సర్వీసు మళ్లీ నడిపి, లాగిన్ పేజీలో అవ్వ మాట కొట్టాను.

తెరుచుకుంది.

మేనేజర్ "ఎప్పడిమ్మా?" అన్నాడు, ఎలా అని. "రీసెట్ పణ్ణిట్టేన్ సార్" అని, రీసెట్ చేసేశానని అబద్ధమాడాను. నిజం చెబితే పాస్‌వర్డ్ నేనే మార్చి నాటకమాడానంటాడు. నేనైనా అదే అనుకుంటాను.

రిపోర్టు మూడున్నరకే వెళ్లింది. తర్వాత సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో రాసి ఉండే లాగ్ ఫైళ్లు తిరగేశాను. పాస్‌వర్డ్ మారింది ఒక ఆదివారం. అప్పటికి సెంథిల్ మానేశాడు, నేనింకా చేరలేదు. సర్వర్ దగ్గర కూర్చుని మార్చినట్టే ఉంది, బయటినుంచి లాగిన్ అయిన జాడ లేదు. ఆ ఆదివారం వాచ్‌మన్ పుస్తకంలో ఒక్క పేరూ లేదు. మా టీములో తెలుగు వచ్చినవాళ్లే లేరు. పోనీ వచ్చిందే అనుకుందాం, ఏడుకు అంకె పెట్టాలని ఎలా తెలుస్తుంది?

వాడిన మాట ఎంగిలి. పాస్‌వర్డ్ మార్చేశాను.

సాయంత్రం ఆరింటికి కంపెనీ బస్సు హారన్ కొట్టింది. నేను ఎక్కలేదు. గేటు దగ్గర, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? మాట వచ్చింది. మాట వస్తే వెళ్లాలి కదా. ఈసారి వెళ్లకుండా ఉండకూడదనుకున్నాను.

చీకటి పడేదాకా చూశాను. ఎవరూ రాలేదు. ఎవరు రావాలో, ఎక్కడికి తీసుకెళ్లాలో నాకిప్పటికీ తెలియదు.