నాజిల్ నోటితో ఊదరాదు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో కష్టమైన పనంటూ ఏదీ లేదు, దాని గురించి రాసిన పుస్తకం చేతికి దొరకకపోవడమే అసలు కష్టం. ఈ నమ్మకం నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో రాయాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది. ఎందుకంటే మహబూబాబాద్‌లో నా గురించి ఇప్పటికీ రెండు కథలు తిరుగుతున్నాయట. ఒకటి, నేను ఫంక్షన్ హాల్లో కలుపు మందు మింగి దవాఖాన పాలయ్యానని. రెండోది, ఒక ముసలామె నన్ను పదిమంది ముందు పట్టపగలు కొట్టిందని. మొదటిది పచ్చి అబద్ధం. రెండోది నిజమే గానీ, ఎందుకు కొట్టిందో చెప్పకుండా చెబుతున్నారు. పైగా ఇందులో నేను ఒప్పుకోవాల్సిన తప్పొకటి ఉంది. అది ఆ రెండు కథల్లోనూ లేదు.

మాది జనగామ పక్క పల్లె. డిగ్రీ రెండో ఏడు దగ్గర ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. జనగామ గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల నాకు రాసిచ్చినట్టే ఉండేది. తేనెటీగల పెంపకం, గృహవైద్యం, రేడియో రిపేరు, మొదటి నలభై పేజీలు లేని ప్రపంచ చరిత్ర (అందుకే ప్రాచీన ఈజిప్టు గురించి నన్నెవరూ అడగొద్దు), అన్నీ చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు కూడా నాకు నేనే నేర్చుకున్నాను. అంత చదివిన నన్ను మహబూబాబాద్ నుంచి కురవి పోయే దారిలో ఉన్న ఒక ఫంక్షన్ హాలు పనికి పెట్టుకుంది. వంటవాళ్లకు సిలిండర్లు, డెకరేషన్ వాళ్లకు నిచ్చెనలు అందించడం నా ఉద్యోగం. అక్కడ అందరూ నన్ను "లైబ్రరీ" అని పిలిచేవారు. అది గౌరవమనుకొని చాలాకాలం మురిసిపోయాను.

హాలు యజమానిది భూపాలపల్లి. అక్కడ బొగ్గు లారీలు తిప్పి పైకొచ్చినవాడు కనుక అందరికీ బొగ్గు సేటు. ఒంటి మీద మాత్రం మల్లెపువ్వులాంటి తెల్లబట్టలు, జేబులో రెండు పెన్నులు. ఆ పెన్నులతో ఆయన సంతకం తప్ప ఇంకేదీ రాయగా మేము చూడలేదు. హాలు ముందున్న ఎకరం పచ్చిక ఆయన ప్రాణం. ఆ పచ్చికను అలా ఉంచేది ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద ఒక అరవై దాటినామె. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చొని, చేతిలో చిన్న ఇనుప కుర్పితో తుంగగడ్డిని గడ్డతో సహా పెకిలిస్తూ ఉండేది. ఆమెను అందరం గడ్డవ్వ అనేవాళ్లం.

ఒక ఎండాకాలం పొద్దున ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. సేటు హైదరాబాద్ దగ్గర ఎవరిదో రిసార్టులో చూసి ముచ్చటపడి తెప్పించాడు. ట్రాక్టరు వెనక తగిలించి లాగుతూ పోతే పచ్చిక మీద కలుపు మందు కొట్టే యంత్రం. పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ టాంకు, రెండు చక్రాలు, ఇనుప చట్రం, చిన్న పంపు, గొట్టాలు, మందు చిమ్మే ఐదు నాజిళ్లు, లెక్కలేనన్ని బోల్టులు బయటపడ్డాయి. అన్నిటికంటే అడుగున, నా కోసమే దాచినట్టు, ముప్పై రెండు పేజీల ఇంగ్లీషు పుస్తకం.

"ఏం లైబ్రరీ, బిగిస్తవా?" అన్నాడు సేటు.

"పుస్తకం ఉన్నది గద సేటూ," అన్నాను, మిగతా లోకమంతా అనవసరమన్నట్టు.

"అయితే ఇను. గిది నడిచిందనుకో, ఒకటో తారీఖు సంది గీ ఆడోళ్లు వద్దు. నువ్వే గార్డెన్ ఇంచార్జివి. గా మూల రూం నీదే. ఫ్యాను, తిరిగే కుర్చీ, అన్నీ."

ఐదుగురు ఆడవాళ్లూ అక్కడికి నాలుగడుగుల దూరంలోనే కూర్చొని ఉన్నారు. గడ్డవ్వ తలెత్తలేదు. కుర్పి మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. నేను అదంతా చూశాను గానీ, ఆ క్షణాన నా కళ్లలో తిరుగుతున్నది కుర్చీ. (ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.)

మూడు రోజులు పుస్తకమే చదివాను. జనరేటర్ నడిపే చాచా (చెత్త లాగే చిన్న ట్రాక్టరు బాధ్యత కూడా ఆయనదే) నన్ను చూసి తట్టుకోలేకపోయాడు. "అరే భాయ్, ఫోన్ల ఒక్క వీడియో చూస్తే అయిపాయె. ఐదు నిమిషాల పని. గిదేం పరీక్షనా?"

"వీడియోలు చూసేటోళ్లకు ఎట్ల అన్నది తెలుస్తది చాచా. ఎందుకు అన్నది తెల్వది," అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి బీడీ ముట్టించుకున్నాడు. మూడో పేజీలోని సూచన ప్రకారం యంత్రానికి దూరంగా వెళ్లి కాల్చుకోమన్నాను.

బిగింపు బాగానే సాగింది. బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా పెట్టుకొని, చట్రం నిటారుగా వచ్చాకే పానాతో బిగించాలని పుస్తకం చెప్పింది. అలాగే చేశాను. టాంకు ఒకసారి ముందువైపు వెనక్కి వచ్చేలా బిగిసింది. (బొమ్మ తలకిందులుగా పట్టుకోవడం వల్ల. పుస్తకం తప్పు లేదు.) చివరికి వంకర తీగ క్లిప్పు ఒకటి మిగిలింది. ఆడవాళ్ల జడపిన్నులాంటిది. ప్యాకింగుకు వాడినదై ఉంటుందని తీర్మానించి అవతల పారేశాను. గడ్డవ్వ దాన్ని ఏరి కొంగున ముడేసుకుంది.

ఇక భద్రత. ఆ అధ్యాయం ఏడు పేజీలు. అంతటి జ్ఞానం నా ఒక్కడి దగ్గరే ఉండటం అన్యాయమనిపించింది. అట్టపెట్టె ముక్క మీద పది నియమాలు తెలుగులో రాసి గోడకు వేలాడదీశాను. రోజూ పొద్దున పనివాళ్లందరినీ నిలబెట్టి గట్టిగా చదివేవాణ్ణి. గాలి వీస్తుంటే మందు కొట్టరాదు. చేతొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా లేనిదే మందు ముట్టరాదు. మందు కొట్టిన గడ్డి ఆరేదాకా అందులోకి ఎవరినీ రానివ్వరాదు. ఏడో నియమం, నాజిల్‌లో ఏదైనా అడ్డుపడితే నోటితో ఊదరాదు, మెత్తటి బ్రష్‌తోనే శుభ్రం చేయాలి. ఎనిమిది, నాజిల్ విప్పే ముందు టాంకు కింది వాల్వు మూయాలి. పది, అనుభవం లేనివారు యంత్రాన్ని తాకరాదు. (ఈ పదోది చదివేటప్పుడు చాచా వైపు చూసేవాణ్ణి.)

వింటున్న వాళ్లలో ఒకరు జడ అల్లుకునేవారు, ఒకరు ఆవలించేవారు. గడ్డవ్వ మాత్రం నోరు తెరిచి వినేది. "నోటితోని ఎవడన్న ఊదుతడారా?" అని ఒకరోజు అడిగింది.

"మూర్ఖులు ఉంటరు గదవ్వా. గసుంటోళ్ల కోసమే రాస్తరు," అన్నాను.

మొదట మందు కలపకుండా ఒట్టి నీళ్లతో పరీక్షించాలి. టాంకు నింపాను. చాచా ట్రాక్టరు కదిలించాడు. ట్రాక్టరు దర్జాగా వెళ్లిపోయింది, యంత్రం ఉన్నచోటే నిలబడిపోయింది. రెండిటినీ కలిపే పిన్ను జారి కిందపడింది. నేను పుస్తకం తిరగేస్తుండగానే గడ్డవ్వ కొంగు ముడి విప్పి ఆ జడపిన్ను చాచా చేతిలో పెట్టింది. చాచా దాన్ని పిన్ను చివరి రంధ్రంలో గుచ్చి, "వీడియోల గిదే ఉన్నది," అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ తరువాత ఐదు నాజిళ్లూ ఐదు పొగమంచు గొడుగుల్లా చిమ్మాయి. అన్నీ సమంగా చిమ్ముతున్నాయో లేదో చూడటానికి వాటికింద పెళ్లి భోజనాల స్టీలు గ్లాసులు ఐదు పెట్టి నీళ్లు పట్టాను. వంటమాస్టరు వచ్చి దాహమేసి ఒకటి తాగేశాడు. మళ్లీ పట్టాను.

మరునాడు సేటు సమక్షంలో అసలు మందు. కొత్త యంత్రానికి పూజ చేయకుండా ఎవరైనా కదిలిస్తారా? కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, చట్రానికి బంతిపూల దండ. పుస్తకంలో పూజ గురించి ఏమీ లేదని నేను ఎత్తిచూపాను. కానీ పళ్లెంలో తడిపిన పసుపు, కుంకుమ పట్టుకొని ఒకామె, "బొట్లు ఏడ పెట్టాలె లైబ్రరీ?" అని అడిగేసరికి, యంత్రం గురించి నన్ను అడిగారన్న ఆనందంలో నా శాస్త్రదృష్టి కొట్టుకుపోయింది. "అన్నిటికంటే ముఖ్యమైన భాగాలు గివి," అంటూ ఐదు నాజిళ్లూ వేలితో చూపించాను. ఆమె భక్తిగా, మందంగా పెట్టింది.

నేను వేషం వేసుకొని వచ్చాను. లారీ క్లీనరు వదిలేసిన గమ్‌బూట్లు, వానాకాలపు రెయిన్‌కోటు, మోచేతిదాకా రబ్బరు తొడుగులు, వెల్డింగ్ షాపు కళ్లద్దాలు, ముక్కుకు దస్తి. బయట రోడ్డు మీద తారు కరుగుతున్న ఎండ. "తేనెతుట్టె కొట్టేటోడు వచ్చిండా?" అని వంటమాస్టరు ఎవరినో అడగడం వినబడింది. మందు కొలిచి కలిపాను. ట్రాక్టరు కదిలింది. మూడు నాజిళ్లు చిమ్మాయి. రెండు మూగవైపోయాయి.

"ఏందయ్యా, సగం కొడుతున్నది, సగం కొడుతలేదు?" అన్నాడు సేటు. "గిదేనా మూడు రోజులు సదివింది?"

ఆ మాటకు నాకు ఫ్యాను, కుర్చీ, రూము వరసగా దూరమవుతున్నట్టు కనబడ్డాయి. ట్రాక్టరు ఆపించి, పంపు ఆపి, గబగబా ఒక నాజిల్ విప్పాను. రంధ్రంలో పసుపు గట్టిగా కూరుకుపోయి ఉంది. ఏడు పేజీల భద్రత, పది నియమాలు, గోడ మీది అట్ట, ఏదీ గుర్తులేదు. దస్తి కిందికి లాగి, ఆ మందు కారుతున్న నాజిల్‌ను పెదాల దగ్గరికి తెచ్చాను.

ఫట్టుమని మణికట్టు మీద దెబ్బ పడింది. నాజిల్ గాల్లో లేచి మందు పడని పక్క పచ్చికలో ఎక్కడో పడింది. ఎదురుగా గడ్డవ్వ, చేతిలో కుర్పి తిరగేసి పట్టుకొని. కొట్టింది దాని కర్రపిడితోనే.

"నోటితోని ఊదద్దని రోజు పొద్దున సదివి సదివి మా చెవులు తూట్లు పొడిచినవ్ గదరా! గా మూర్ఖుడివి నువ్వేనా?"

ఎవరూ నవ్వలేదు. (నవ్వులు తరువాత మొదలై ఇప్పటికీ ఆగలేదు.) ఆడవాళ్లు ఐదుగురూ ఆ పచ్చికలో వేళ్లు పెట్టి నాజిల్ వెతకసాగారు. చాచా యంత్రం దగ్గర నిలబడి, "లైబ్రరీ, గిక్కడ కారుతున్నది. బంద్ చేయాల్నా?" అన్నాడు.

"ముట్టకు చాచా! పదో నియమం!" అన్నాను. టాంకు కింది వాల్వు మూయడం నేనే మరిచిపోయాను. ఎనిమిదో నియమం. చాచా పదో నియమాన్ని గౌరవించి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాజిల్ దొరికేసరికి టాంకు సగం ఖాళీ. వెతికిన మేరా పచ్చికలో తుంగ ఒక్కటి మిగల్లేదు. ఆ చేతులు అలవాటు కొద్దీ అదీ పీకేశాయి. గడ్డవ్వ వంటింట్లోంచి ఒక పాత పళ్ల బ్రష్ తెచ్చిచ్చి, "మెత్తటిదే," అంది. తొడుగులతోనే, బకెట్ నీళ్లలో, ఆ బ్రష్‌తో నాజిళ్లన్నీ కడిగాను. ఆ తరువాత యంత్రం చక్కగా నడిచింది.

అదే అసలు చిక్కు. చక్కగా నడిచింది. వారానికి తుంగ తల వాల్చింది. కారినచోట మాత్రం మంచమంత పచ్చిక మాడి పసుపురంగు తేలింది. (తరువాతి పెళ్లిలో దాని మీద పాన్ డబ్బా పెట్టించాం.) సేటుకు అది పెద్ద లోపంగా అనిపించలేదు. ఒకటో తారీఖుకు రెండు రోజుల ముందు పచ్చిక మధ్యలో నిలబడి అడిగాడు. "మొత్తానికి నడుస్తున్నది. ఇగ ఆడోళ్లను ఆపేద్దామా? నీ పుస్తకం ఏమంటది?"

ఆ వారమంతా నన్నొక ఆలోచన తొలుస్తూనే ఉంది. యంత్రం నడిస్తే తన పని పోతుందని గడ్డవ్వకు తెలుసు. ఆ రోజు ఆమె ఊరికే కూర్చుంటే చాలు. నేను ఆ నాజిల్ ఊది దవాఖానకు పోయేవాణ్ణి, యంత్రం పాతసామాన్ల గదికి పోయేది, ఆమె కుర్పి ఆమెకు ఉండేది. ఆమె కూర్చోలేదు. అంత దూరం నుంచి లేచి పరుగెత్తి వచ్చింది.

పుస్తకం తెరిచాను. చివరి పేజీలో వేలు పెట్టి, సేటుకు అర్థమయ్యేలా నిదానంగా చదివాను. "యంత్రముతో మందు కొట్టిన పచ్చికలో చేతితో కలుపు తీయువారు ఏడాది పొడుగునా తప్పనిసరిగా ఉండవలెను. లేనిచో పచ్చిక పాడగును."

సేటు పేజీ వైపు చూసి, జేబులోని పెన్నులు సర్దుకొని, తలూపాడు. "గట్లనా. మనుషులే ఉండాల్నంటే వాళ్లను నడిపిచ్చేటందుకు అవ్వ ఉన్నది. మల్ల నువ్వు ఇంచార్జి ఎందుకు?" అంటూ వెళ్లిపోయాడు. మూల రూము ఆడవాళ్ల భోజనాల గది అయింది. తిరిగే కుర్చీలో గడ్డవ్వ ఒకే ఒక్కసారి కూర్చొని, కళ్లు తిరుగుతున్నాయని దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. "గది నిజంగనే రాసి ఉన్నదారా పుస్తకంల?"

"ఉన్నదవ్వా. ఆఖరి పేజీల."

"మల్ల రోజు పొద్దున అన్ని సదివినవ్. గదొక్కటి ఎన్నడు సదవకపోతివి?"

నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. ఆమె పళ్లులేని నోటితో కాసేపు నవ్వి, కుర్పి తీసుకొని వెళ్లిపోయింది. పుస్తకం మీద అబద్ధం చెప్పడం నాకు అదే మొదలు. ఉండబట్టలేక సాయంత్రమే ఆ వాక్యాన్ని చివరి పేజీలో పెన్సిల్‌తో, ఇంగ్లీషులో, అచ్చక్షరాల్లా రాసిపెట్టాను. ఇప్పుడది పుస్తకంలో ఉన్నట్టే.

ఇప్పుడు రేగొండలో నాకొక చిన్న నర్సరీ ఉంది. మందు కొట్టే పంపు గురించి ఎవరు అడిగినా ముందు కుడి మణికట్టు చురుక్కుమంటుంది, తరువాతే నోట్లోంచి మాట వస్తుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత పళ్ల బ్రష్ ఉంటుంది. మనిషి మంచి శుభ్రత కలవాడని ఊళ్లో పేరు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి తోడ్పడిన అందరికీ దండాలు. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంచిన జనగామ లైబ్రేరియన్ సారుకు, ఒక్క వీడియోతో నన్ను ఓడించి ఒక్క మాటతో వదిలేసిన జనరేటర్ చాచాకు, ఐదో గ్లాసు తాగేసిన వంటమాస్టరుకు, చదవని పేజీని నమ్మిన బొగ్గు సేటుకు, పసుపు మందంగా పెట్టిన అక్కకు, చదువు రాకున్నా నేను చదివింది నాకంటే బాగా గుర్తుపెట్టుకున్న గడ్డవ్వకు. చివరగా, ఆ మండుటెండలో రెయిన్‌కోటు వేసుకొని, చేతిలో పుస్తకంతో, అన్నీ తెలిసినవాడిలా నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల లైబ్రరీకి. పాపం, ఉడికిపోయి ఉంటాడు.