తోడికోడళ్ళ బల్ల చేసిన సత్యక్క

సత్యక్క ఇక లేదని కలకత్తా వాట్‌గంజ్‌లోని ఆమె పనిశాల నుంచి పొద్దున్నే ఫోను వచ్చింది. ముందు రోజు సాయంత్రం కూడా నన్ను ఆటపట్టించిన మనిషి. గొర్లె సత్యవతి నాకు బంధువు కాదు. ఆమె చేసిన సామాను అమ్మిపెట్టేవాణ్ణి.

శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబంలో పుట్టింది. ఒకే గదిలో రెండు కాపురాలు సర్దుకోవడం చూస్తూ పెరిగింది. ఆమె పనితనానికి అదే మూలం. పోర్టు దగ్గర పారేసిన ప్యాకింగు చెక్కతో, విడదీసి మళ్ళీ కలుపుకునే సామాను రూపొందించేది. వాటికి చుట్టరికాల పేర్లు పెట్టేది. పక్కపక్కన చేరి ఒకటయ్యే రెండు బల్లలు తోడికోడళ్ళు. బెంగాలీ వడ్రంగులు వాటినే బొడో జా, ఛోటో జా, అంటే పెద్ద తోడికోడలు, చిన్న తోడికోడలు అనేవారు. జిగురు, మేకు వాడేది కాదు, చెక్క చీల ఒక్కటే. "కలిసున్నప్పుడు ఎవులైనా నిలబడతారు తమ్మీ. ఇడిపోయినాక రెండూ నిలబడాల. అప్పుడే అది పని" అనేది.

చీలతో బిగించిన బల్ల కొద్దిగా కిర్రుమనేది. కొనేవాళ్ళు వంక పెడతారని నా భయం. "కిర్రుమంటే ఏటి? తోడికోడళ్ళు కిక్కురుమనకుండా ఉంటారేటి?" అని నవ్వేసింది. భవానీపూర్‌లో ఇద్దరు అన్నదమ్ములకు పంపే బల్లకు, ఆమెకు చెప్పకుండా నేను జిగురు పూయించాను.

కొన్నాళ్ళకు ఆ అన్నదమ్ములు వేరుపడ్డారు. బల్ల విడలేదు. రంపంతో కోయబోతే నడిమి కాళ్ళు చీలి, తమ్ముడి సగం ఒరిగిపోయింది. కబురందుకుని సత్యక్క వెళ్ళింది. చూడగానే జిగురు సంగతి ఆమెకు తెలిసిపోయింది. "తప్పు నాదే బాబూ" అని వాళ్ళతో చెప్పి, కొత్త కాళ్ళు చేసి అమర్చింది. నేను క్షమించమని అడిగితే, "నాకేటి సెప్తావు? ఆళ్ళింటికెల్లి సెప్పు" అంది. ఆ తరవాత ఎప్పుడు కలిసినా "ఎల్లేవేటి?" అని అడిగేది. రేపు, రేపంటూ గడిపాను.

సంతాప సభలో ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన మన్ననతోనే, "దీదీ చేతిలో ఆ ఒక్క బల్లే తప్పింది" అన్నారు. నేను లేచి జరిగింది చెప్పాను. ఆయన నా వైపు తిరిగి, "ఇది ఆవిడ వినాల్సిన మాట దాదా" అన్నారు.

సభకు రానివాళ్ళ కోసం ఇక్కడా రాస్తున్నాను. ఆ బల్లను చెడగొట్టింది నేను. పనిశాల సాగుతుంది, ఆమె దగ్గర పని నేర్చినవాళ్ళు ఉన్నారు. ఎదుటివాడి తప్పును తన పేరు మీద ఉంచుకుని, వాడంతట వాడే చెప్పాలని చివరిదాకా ఓపిక పట్టిన మనిషిని మాత్రం నేను మరొకరిని చూడలేదు. ఆమెకు ఆలస్యంగా నమస్కరిస్తున్నాను.